పట్టా మీద నడిచిన డ్రైవరు

ఖరగ్‌పూర్‌లో నన్ను ప్లీడరుగారని పిలిచినవాళ్ళకంటే తాగుబోతుల ప్లీడరని పిలిచినవాళ్ళే ఎక్కువ. నేను చుక్క ముట్టను. ఆ మాట చెబితే, "మరి అంత బాగా ఎలా వాదిస్తారండీ?" అని అడిగేవాళ్ళు. మా అమ్మది ఇంకో రకం. ఇంటికి చుట్టాలొస్తే, "మావోడు తాగడు గానీ, తాగినోల్ల మీద బతుకుతాడు" అని మంచినీళ్ళతోపాటు ఆ మాటనీ అందించేది.

ఇదంతా మొదటి కేసు చేసిన పాపం. ఊరికి పడమట, సాల చెట్ల అడవి దాటాక సైన్యం వాళ్ళ విమానాల క్యాంపు ఉండేది. అరవైల మొదట్లో, నేను బోర్డు కట్టిన కొత్తలో, ఆ క్యాంపు మనిషొకడు ఆదివారం పూట మోటారు సైకిలు మీద వచ్చి ఝపటాపూర్‌లో ఒక మిఠాయి కొట్టులోకి తిన్నగా దూరిపోయాడు. రసగుల్లాల బేసిను దగ్గర బండి ఆగింది, మనిషి ఆగలేదు. ఆ కేసు నా వాదనవల్ల పోలేదు. ముద్దాయి నోటి వాసన చూసిన డాక్టరుకి ఎక్కడికో బదిలీ అయింది, మూడు వాయిదాలకీ రాలేదు, కోర్టు విసుగెత్తి కొట్టేసింది. ఈ సంగతి క్యాంపులో ఎవడికీ అక్కర్లేదు. ప్లీడరు గట్టివాడని పేరు వచ్చేసింది. అప్పట్నుంచీ స్టీరింగు ముందు తూలిన ప్రతి జవానూ మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చేవాడు. వర్క్‌షాపులో ఫిట్టరుగా ముప్పై ఏళ్ళు ఇనుము రాకి నన్ను లా చదివించిన మా నాన్న, కొడుకు భూముల కేసులు వాదిస్తాడనుకున్నాడు పాపం.

ఇప్పట్లాగా గొట్టంలోకి ఊదించే యంత్రాలు అప్పుడు లేవు. మనిషి తాగాడా లేదా అన్నది వాసన, కళ్ళు, మాట, నడక చూసి తేల్చేవాళ్ళు. వాసనకి నా దగ్గర తిరుగులేని మందుండేది. బెంగాల్లో ప్రతి పెద్దమనిషీ సగం హోమియో డాక్టరే. ఆ మందుల్లో ఉండేది స్పిరిట్టే. డాక్టర్ని బోనులో నిలబెట్టి, "హోమియో చుక్కలు వేసుకున్నవాడి నోరు ఎలాంటి వాసన వేస్తుందండీ?" అని అమాయకంగా అడిగేవాణ్ణి. రోజుకి మూడు పూటలా చుక్కలు వేసుకునే మెజిస్ట్రేటు తన నోరు తనే మూసుకునేవాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయంటే, ఇంజన్ల బొగ్గు పొగలో బతికే ఊళ్ళో తెల్లటి కళ్ళున్నవాణ్ణి ఒక్కణ్ణి చూపించమనేవాణ్ణి. ఒక్క నియమం మాత్రం ఉండేది నాకు. తాగావా అని నేనడగను, తాగానని నువ్వు చెప్పకు.

ఆ నియమాన్ని కోర్టు మధ్యలో నిలబడి పేలాల్లా పేల్చేసినవాడి కథ ఇది.

వాడు క్యాంపులో లారీ డ్రైవరు. మనవాడే. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి రైల్వేలో స్థిరపడినవాళ్ళ పిల్లడు. మా క్వార్టర్లకి రెండు వరసల అవతల పెరిగాడు, నన్ను అన్నా అనేవాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం క్యాంపు వంటశాలకి కూరగాయలు తీసుకెళ్తూ, ఊరి చివర లెవెల్ క్రాసింగు దగ్గర గేటు కర్రని గుద్దేశాడు. గేటు వేసే ఉంది. రైలు ఇంకా రాలేదు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. లారీ వెనక తలుపు ఊడి గుమ్మడికాయలన్నీ రోడ్డు మీద దొర్లాయి. పక్కనే టీ తాగుతున్న దారోగా, అంటే పోలీసు ఎస్సై, లేచి వచ్చి వీడిని దింపాడు.

క్యాంపు మనిషిని ఊరి పోలీసులు పట్టుకుంటే, మా మనిషిని మాకు అప్పగించండని క్యాంపు అధికారి కోర్టుకి రాసుకోవచ్చు. చాలాసార్లు అలాగే రాసేవాళ్ళు. ఈసారి అధికారి రాయలేదు. వారం వారం ఈ గొడవలతో విసిగిపోయి ఉన్నాడు. వీణ్ణి పిలిచి ఒకటే చెప్పాడట. కోర్టు వదిలేస్తే నేనూ వదిలేస్తాను, కోర్టు తాగావని తేలిస్తే మాత్రం యూనిఫారం విప్పించి ఇంటికి పంపుతాను.

"మరేటి అన్నా, ఇంటికంటే ఎలాగ?" అని వాడు మా అరుగు మీద కూర్చుని గోళ్ళు కొరుక్కున్నాడు. "నాకు డ్రైవింగు తప్ప ఇంకోటి రాదు. ఆ యూనిఫారం ఇప్పీసి మా అయ్య గుమ్మం ముందు నిలబడాలా? అంతకన్నా ఆ గేటు కర్ర నా నెత్తి మీద పడినా బాగున్ను."

వాళ్ళ అయ్య సంగతి చెప్పాలి. ఆయన రిటైరైన కీమేన్. కీమేనంటే రోజూ తన వంతు లైను పొడుగునా నడుస్తూ, పట్టాల్ని పట్టి ఉంచే ఇనుప కీలు వదులైతే సుత్తితో బిగించుకుంటూ పోయే మనిషి. ఇనుప పట్టా తప్ప ఇంకో దారి దారే కాదని ఆయన నమ్మకం. కొడుక్కి పట్టాలు బాగుచేసే గ్యాంగులో పని చూసి, పెద్ద లైను ఇన్‌స్పెక్టరు కాళ్ళా వేళ్ళా పడి ఖాయం చేసి వస్తే, వీడు ఆ పొద్దున్నే సైన్యంలో పేరు రాయించుకుని వచ్చాడు. అదీ డ్రైవరుగా. "రబ్బరు సెక్రాల మీద బతికేవోడితో నాకు మాటల్లేవు" అన్నాడట ముసలాయన. అన్నట్టే పదకొండేళ్ళు మాట్లాడలేదు. ఆయన బయటికి వెళ్ళినప్పుడు వీడు దొంగలా వచ్చి వాళ్ళమ్మ చేతి అన్నం తిని పోయేవాడు.

"ఏడవకు. నీ కేసులో బలం ఉంది" అన్నాను. నిజంగానే ఉంది. రైలు దాటిపోయాక, వీణ్ణి దింపిన దారోగా, "తాగలేదంటున్నావుగా, అయితే ఆ పట్టా మీద నడువు చూస్తాను" అన్నాడట. వీడు బూట్లతో పట్టా ఎక్కి, సిగ్నలు స్తంభం దాకా నడిచి, అక్కడ వెనక్కి తిరిగి, మళ్ళీ గేటు దాకా వచ్చి, దిగి సెల్యూట్ కొట్టాడట. గేటుమేనూ, టీ కొట్టువాడూ, అటుగా హిజ్లీ కాలేజీ వైపు వెళ్తూ సైకిలు దిగి నిలబడ్డ ప్రొఫెసరూ కళ్ళారా చూశారు. దారోగాకి తల కొట్టేసినట్టయి, ఆ ముక్క రిపోర్టులో రాయకుండా మింగేశాడు. దాన్ని కక్కించడమే నా పని.

కేసు మేదినీపూర్ కోర్టులో. పొద్దున లోకల్లో కంసాయి నది దాటి వెళ్ళాం. ఆ రోజు నా అంత ప్లీడరు జిల్లాలో లేడు. నేనే చెప్పుకోకపోతే ఇంకెవరు చెబుతారు. వాడి నోటి వాసన చూసిన డాక్టరు హోమియో ప్రశ్నకి నీళ్ళు నమిలాడు. తర్వాత దారోగాని పట్టుకున్నాను.

"ముద్దాయి మాట అర్థం పర్థం లేకుండా ఉందని రాశారు. ఏ భాషలో మాట్లాడాడు?"

"అది భాషో కాదో నాకు తెలియదు."

"తెలుగు అయ్యుండొచ్చా?"

దారోగా ఆలోచించి, "అయ్యుండొచ్చు" అన్నాడు. కోర్టు గుమాస్తా, అంటే పేష్కార్, బెంగాలీవాడే గానీ మా తెలుగు క్వార్టర్ల పక్కన పుట్టి పెరిగినవాడు. ఫైలు అడ్డం పెట్టుకుని నవ్వాడు.

"లారీలో గుమ్మడికాయలు ముప్పై రెండని క్యాంపు చీటీ చెబుతోంది. మీ పంచనామాలో ఇరవయ్యారే ఉన్నాయేం?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడని సామెత ఊరికే పుట్టలేదు. దారోగా భుజాలైతే తడుముకోలేదు గానీ కాలరు సర్దుకున్నాడు, దగ్గాడు, కొన్ని పగిలిపోయాయన్నాడు. ఆ బెదురులో ఉండగానే పట్టా సంగతి అడిగాను. నడవమన్నానన్నాడు. నడిచాడన్నాడు. పడ్డాడా అంటే పడలేదన్నాడు.

"తిరిగొచ్చి ఏం చేశాడు?"

"సెల్యూట్ కొట్టాడు."

మెజిస్ట్రేటు కళ్ళజోడు తీసి, "నేను ఏ మత్తూ లేకుండా మా ఇంటి పిట్టగోడ మీద కూడా అంత దూరం నడవలేను" అన్నాడు. కేసు అక్కడే అయిపోయింది. నేను "అంతే హుజూర్" అని కూర్చుంటే మధ్యాహ్నం బండికి అందరం ఇంటికి వెళ్ళిపోయేవాళ్ళం.

కూర్చోలేదు. గెలిచిన కేసులో ఇంకో సాక్షిని పిలవడమంటే కొరివితో తల గోక్కోవడమేనని నాకు పని నేర్పిన ముసలి వకీలు వందసార్లు చెప్పాడు. కానీ ఆ పొద్దున కోర్టు వరండాలో ముసలి కీమేన్ కనిపించాడు. ఎవరూ పిలవలేదు ఆయన్ని. అంత ఎండలో రైల్వే నీలం కోటు మెడదాకా బొత్తాలు పెట్టుకుని, గోడ వారన నిటారుగా కూర్చున్నాడు. కొడుకు వైపు చూడలేదు. నన్ను పక్కకి పిలిచి, "సిగ్నలు దాకా నడిసినాడంట గదా. గేటుమేను సెప్పినాడు. నిజమేనా బాబూ?" అని అడిగాడు. కొడుకు జైలుకి పోతాడేమోనన్న బెంగ కాదు ఆయనది. నడిచాడా లేదా అన్నదే.

నాకు దురాశ పుట్టింది. తెల్ల మీసాల కీమేన్, ఒంటి నిండా రైల్వే కోటు, పట్టాల గురించి ఆయనకంటే తెలిసిన సాక్షి ఇంకెవడు? తాగినవాడు పట్టా మీద నడవలేడని ఆయన చేత ఒక్క మాట అనిపిస్తే తీర్పుకి గోపురం కట్టినట్టుంటుంది. బోనెక్కించాను.

ముసలాయన తెలుగులో చెబుతుంటే పేష్కార్ బెంగాలీలో చెప్పసాగాడు. మొదట అంతా బాగానే జరిగింది.

"కీమేన్ని బాబూ. ముప్పై నాలుగేల్లు సేసినాను. నా లైన్లో ఒక్క కీ వదులుండేది కాదు."

"తాగినవాడు పట్టా మీద నడవగలడా మావా?"

"ఎలాగ నడుత్తాడు? అడుగెయ్యగానే కింద పడతాడు."

నేను జబ్బ చరుచుకోవడమొక్కటే తక్కువగా కూర్చున్నాను. అప్పుడు ప్రభుత్వం తరఫు కోర్టు ఇన్‌స్పెక్టరు లేచాడు. పాన్ నములుతూ పొద్దుటినుంచీ నిద్రపోతున్నట్టున్న మనిషి. చాలా మెత్తగా అడిగాడు.

"అయితే దాదా, మీ గ్యాంగు వాళ్ళు కూడా అంతేనన్నమాట. రెండు చుక్కలు పడితే ఊళ్ళో మా ఇందా బజారు బాబుల్లాగే పట్టా మీంచి దబ్బున పడిపోతారు."

ముసలాయన వెన్ను కర్రలా నిలబడింది. ఆ ప్రశ్నకి జవాబేమిటో నాకు తెలుసు. ఆ క్వార్టర్లలో పుట్టినవాణ్ణి, తెలిసే దాచాను.

"ఇందా బాబులకీ మాకూ పోలికేటి?" అన్నాడాయన. "విశ్వకర్మ పూజ మర్నాడు పాత సైడింగు మీద మాకు పందెం ఉంటాది. నెత్తి మీద నీల గలాసు ఎట్టుకుని నడవాల. తాగి నడవాల. తాగకండా నడిత్తే అదేటి పందెం? బడికెల్లే సిన్న గుంటలు కూడా నడుత్తారు."

"ఓహో. మీరు నడిచేవారా?"

"ఏడేల్లు వరసగా నానే."

పేష్కార్ ఒక్క ముక్క వదలకుండా, నీళ్ళ గ్లాసుతో సహా చెప్పాడు. నేను లేచి, ఇది కేసుకి సంబంధం లేని విషయమని గట్టిగా అన్నాను. మెజిస్ట్రేటు ముందుకి వంగి కూర్చున్నాడు. "ఆగండి ప్లీడరుగారూ, నేను వింటున్నాను" అన్నాడు.

"మరి మీ అబ్బాయి?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ముసలాయన అప్పుడు తల తిప్పి కొడుకు వైపు చూశాడు. నేను దగ్గాను. మళ్ళీ దగ్గాను. నా దగ్గు ఆయన చెవికెక్కలేదు.

"ఆడా," అన్నాడు. "ఆడు నాకన్నా బాగా నడుత్తాడు బాబూ. పందెం అయిపోయి అందరూ ఎల్లిపోనాక, ఆడూ నానూ ఇద్దరమే నడిసినాం. ఇద్దరమూ తాగే ఉన్నాం. ఆడికి పదిహేడేల్లు. నన్ను ఓడించీసినాడు. ఈ సంగతి ఇన్నేల్లూ నాను ఎవులికీ సెప్పలేదు."

"అంటే తాగినా నడవగలడు?"

"నా కొడుకు కాడేటి?"

కోర్టంతా ఘొల్లుమంది. మెజిస్ట్రేటు కూడా నవ్వాడు. నేనొక్కణ్ణే నవ్వలేదు. అయినా అంతటితో మునిగిపోలేదు. నడవగలడన్నాడు గానీ ఆ రోజు తాగాడని ఎవరూ చెప్పలేదుగా. వాసనకి హోమియో ఉంది, కళ్ళకి పొగ ఉంది. సందేహం ముద్దాయికి లాభమని వాదించడానికి లేవబోతుంటే మెజిస్ట్రేటు ముద్దాయి వైపు తిరిగి, చెప్పుకునేదేమైనా ఉందా అని అడిగాడు. లేదని చెప్పమని వాడికి పదిసార్లు నేర్పాను. రైల్లో కూడా అప్పజెప్పించాను.

వాడి కళ్ళనిండా నీళ్ళు. అటెన్షన్‌లో నిలబడ్డాడు.

"హుజూర్, మా అయ్య అబద్ధం సెప్పడు. ఆ రోజు తాగినాను. రెండు గలాసుల రమ్ము. సిగ్నలు దాకా ఎల్లి వచ్చినాను. ఒక్కసారి కూడా సేతులు సాపలేదు."

పేష్కార్ ఆగి నా వైపు చూశాడు. చెప్పనా వద్దా అన్నట్టు. ఏం చేస్తాడు, చెప్పాడు.

మెజిస్ట్రేటు కలం అందుకున్నాడు. నా చేతులు నువ్వే కట్టేశావయ్యా అని వాడితో అని, జుల్మానా వేసి, ఏడాదిపాటు లైసెన్సు రద్దు చేశాడు. జైలు లేకుండా వదిలాడు. క్యాంపు అధికారి కూడా అన్నమాట తప్పలేదు. నెల తిరక్కుండా వాడి యూనిఫారం విప్పించాడు.

వరండాలోకి రాగానే వాణ్ణి చొక్కా పట్టుకుని గోడకి నెట్టాను. నాకు కోపమొస్తే బార్ లైబ్రరీ అంతా వినిపిస్తుంది. "గెలిచిన కేసురా వెధవా! నోరు మూసుకోమన్నానా లేదా?"

"అన్నా, తాగకండా నడిసినానని తీర్పు రాసీసినారనుకో," అన్నాడు వాడు నెమ్మదిగా, "మా అయ్య ముందు నాను నడిసినదేటి మరి? సిన్న గుంటల ఆటే కదా."

చొక్కా వదిలేశాను. కోపం పోలేదు గానీ, దాని కింద నుంచి ఏదో ఏడుపులాంటిది వచ్చింది. మా నాన్న అప్పటికి పోయి రెండేళ్ళు. నేను ఎన్ని కేసులు గెలిచినా, మావోడు బాగా వాదిస్తాడని ఆయన నలుగురిలో అనగా వినలేదు నేను.

స్టేషన్లో బండికి గంట టైముంది. నేనొక బెంచీ మీద కూర్చున్నాను. వాళ్ళిద్దరూ ఇంకో బెంచీ మీద, తమ మధ్య ఒక మనిషి పట్టేంత జాగా వదిలి కూర్చున్నారు. తర్వాత ముసలాయనే, ఎదురుగా పట్టాలకేసి చూస్తూ అడిగాడు.

"సేతులు సాపలేదా?"

"నేదు."

"తిరిగినప్పుడో?"

"తిరిగినప్పుడూ సాపలేదు."

"కాలికేటి?"

"బూట్లు. మిలిటరీ బూట్లు."

"బూట్లా?" అన్నాడు ముసలాయన, నాలుక చప్పరించి. ఆయన జీవితమంతా ఉత్తి కాళ్ళతో నడిచినవాడు. జరిగి ఆ మధ్య జాగాలో కూర్చుని, కొడుకు కాలెత్తి బూటు అడుగు భాగం తడిమి చూశాడు.

కాసేపటికి లేచి నా దగ్గరికి వచ్చాడు. ముఖంలో ఇందాకటి వెలుగు లేదు. కోర్టులో ఇంగ్లీషులో చదివిన తీర్పు ఆయనకి అర్థం కాలేదు. అప్పుడప్పుడే ఏదో తోస్తున్నట్టుంది.

"బాబూ, ఆడ్ని ఇంక బండి తోలనివ్వరా? నాను సెప్పినదాని వల్ల ఏటైనా తప్పైపోనాదా?"

ఆయన భుజం మీంచి చూస్తే కొడుకు బెంచీ మీద నుంచే నాకేసి తల అడ్డంగా ఊపుతున్నాడు. చెప్పొద్దని.

"లేదు మావా," అన్నాను. "మీ మాట వల్లే వాడు జైలుకి పోకుండా బయటపడ్డాడు. మెజిస్ట్రేటుకి మీరు చెప్పింది బాగా నచ్చింది."

ఇన్నేళ్ళ ప్రాక్టీసులో నా నోటితో నేను చెప్పిన అబద్ధం అదొక్కటే. మిగతావన్నీ సాక్షుల చేత చెప్పించినవే. ముసలాయన నా ముఖంలోకి కాసేపు చూసి, నమ్మి, కోటు పై బొత్తాం విప్పుకుని కొడుకు పక్కకి వెళ్ళి కూర్చున్నాడు. బండి వచ్చేదాకా వాళ్ళిద్దరూ బూట్ల గురించే మాట్లాడుకున్నారు.